ఎల్డెన్ రింగ్ తొలిసారి ఆడుతున్నారా? ముందు దక్షిణానికి వెళ్లండి

ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లను ఎక్కడ ఆగిపోయారని అడిగితే, చాలామంది నోట వచ్చే పేరు మార్గిట్. స్టార్మ్‌వీల్ కోట ముందు వంతెన మీద కాపుకాసే ఆ కొమ్ముల రాక్షసుడి చేతిలో ఒక సాయంత్రమంతా చచ్చి, 'ఈ ఆట మనవల్ల కాదు' అని మూసేస్తారు. తప్పు వాళ్ల చేతుల్లో లేదు. వాళ్లు అక్కడికి చేరాల్సిన సమయానికి చాలా ముందే చేరారు, అంతే.

అలా చేరడానికి కారణం ఆటలోనే ఉంది. దారిలో అక్కడక్కడా కనిపించే గ్రేస్ (ఆగి సేదతీరే బంగారు వెలుగు) దగ్గర ఆగినప్పుడు ఒక బంగారు కిరణం గాల్లోకి లేచి ఒక దిక్కు చూపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని 'ఇప్పుడు ఇటే వెళ్లాలి' అన్న ఆదేశంగా తీసుకుంటారు. నిజానికి అది చెప్పేది కథ ఎటు ఉందో మాత్రమే. మీరు దానికి సిద్ధంగా ఉన్నారా లేదా అన్నది దానికి పట్టదు. 2022 ఫిబ్రవరి 25న విడుదలైన ఈ ఆటను తీసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అంతకుముందు చేసిన ఆటల్లో దారులు ఇరుకు. బాస్ (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు) దగ్గర చిక్కుకుంటే ఆ బాస్‌నే పట్టుకుని వేలాడాలి. ఇక్కడ దర్శకుడు హిదెటాకా మియాజాకి బృందం మైదానం మొత్తం తెరిచిపెట్టింది. చిక్కుకుంటే గుర్రమెక్కి ఇంకో దిక్కుకు వెళ్లిపోవచ్చు. ఈ ఆటలో కష్టాన్ని తగ్గించే మీట మెనూలో లేదు, మీరు ఎంచుకునే దారి వరసలో ఉంది. తొలిసారి ఆడేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఆ వరసే.

పాత్ర ఎంపిక దగ్గర ఎక్కువసేపు ఆలోచించక్కర్లేదు. పది క్లాసుల్లో కత్తితో ఆడదామనుకుంటే వాగబాండ్ లేదా సమురాయ్, దూరం నుంచి మంత్రాలు వేద్దామనుకుంటే ఆస్ట్రాలజర్. వాగబాండ్‌కు విగర్ (ప్రాణం పెంచే గుణం) మొదటే 15 ఉంటుంది, చేతిలో ఉన్న హీటర్ షీల్డ్ మామూలు దెబ్బను నూటికి నూరు శాతం ఆపుతుంది. సమురాయ్ కత్తి ఉచిగతానాకు రక్తస్రావం గుణం ఉంది, పైగా విల్లు కూడా వస్తుంది. లెవెల్ 1తో, ఒక దుడ్డుకర్రతో మొదలయ్యే రెచ్ జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. కీప్‌సేక్ (మొదట్లో ఎంచుకునే కానుక) ఏది తీసుకోవాలని అడిగితే గోల్డెన్ సీడ్. మొదట ఉండే నాలుగు ఫ్లాస్క్‌లను (ప్రాణం, మంత్రశక్తి నింపే సీసాలను) అది వెంటనే ఐదు చేస్తుంది.

మొదటి గంటలో జరగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆరంభంలో ఎదురయ్యే గ్రాఫ్టెడ్ సయాన్ మిమ్మల్ని చంపేస్తుంది. అది ఉన్నదే అందుకు, బాధపడొద్దు. తర్వాత కళ్లు తెరిచిన గుహలో ఒక ఆత్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, పక్కనే లోతైన గుంట. అందులోకి దూకండి. శిక్షణ అంతా ఆ కిందే ఉంది. దూకకుండా పక్క దారిన వెళ్లిపోయినవాళ్లకు గార్డ్ కౌంటర్ (డాలుతో దెబ్బ ఆపి వెంటనే తిరిగి కొట్టడం) అంటే ఏమిటో, వంగి నడిచి వెనకనుంచి పొడవడం ఎలాగో ఎవరూ చెప్పరు.

బయటికి రాగానే గుర్రం మీద తిరిగే బంగారు కవచపు ట్రీ సెంటినెల్ కనిపిస్తాడు. చుట్టూ తిరిగి తప్పుకోండి. ఎల్లే చర్చిలో కాలే అనే వర్తకుడి దగ్గర 300 రూన్స్‌కు (శత్రువులను చంపితే వచ్చే, డబ్బుగానూ లెవెల్ పెంచుకోవడానికీ వాడేవి) వస్తువులు తయారుచేసుకునే క్రాఫ్టింగ్ కిట్ కొనుక్కుని, ఉత్తరాన గేట్‌ఫ్రంట్ శిథిలాల వైపు నడవండి. అక్కడ సైనికుల శిబిరం మధ్య నిలబెట్టిన రాతి పలక దగ్గర మీరు ఉన్న పశ్చిమ లిమ్‌గ్రేవ్ ప్రాంతపు మ్యాప్ దొరుకుతుంది. (ఖాళీ మ్యాప్‌ను దగ్గరగా చూస్తే రాతి పలక ఆకారంలో చిన్న గుర్తులుంటాయి. ఏ ప్రాంతానికైనా మ్యాప్ ముక్క ఉండేది అక్కడే.) మెట్లు దిగితే నేలమాళిగ పెట్టెలో వెట్‌స్టోన్ నైఫ్ ఉంటుంది. అది లేకపోతే ఆయుధానికి ఆష్ ఆఫ్ వార్ (ప్రత్యేక దెబ్బను ఇచ్చేది) మార్చుకోవడం కుదరదు. పక్కనున్న గ్రేస్ దగ్గర ఆగితే మెలీనా వచ్చి టోరెంట్ అనే గుర్రాన్ని ఇస్తుంది, లెవెల్ పెంచుకునే వీలూ అప్పుడే మొదలవుతుంది. అప్పటిదాకా పోగేసిన రూన్స్‌తో లెవెల్ పెంచుకునే దారి లేదు కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ పోగొట్టుకునే అవకాశమే ఎక్కువ.

ఇక్కడ ఒక పని చాలామంది మరిచిపోతారు. గుర్రం వచ్చాక మళ్లీ ఎల్లే చర్చికి వెనక్కి రావాలి. రెన్నా అనే స్త్రీ అక్కడ కూర్చుని ఉంటుంది. ఆమె ఇచ్చే గంట, మూడు తోడేళ్ల స్పిరిట్ ఆష్ (పోరాటంలో సాయానికి ఆత్మలను పిలిచే వస్తువు) బాస్ పోరాటాల స్వరూపాన్నే మార్చేస్తాయి. వాటిని పిలవడానికి 55 ఎఫ్‌పీ (మంత్రశక్తి) కావాలి. ఎఫ్‌పీని నిర్ణయించే మైండ్ 10 ఉన్న వాగబాండ్‌కు మొత్తం ఉండేది 78. అంటే ఒకసారి హాయిగా పిలవొచ్చు. ఆమెను తప్పిపోయినా కంగారు లేదు, తర్వాత రౌండ్‌టేబుల్ హోల్డ్ అనే స్థావరంలో కొనుక్కోవచ్చు. స్పిరిట్ ఆష్ వాడితే గెలిచినట్టు కాదని వెక్కిరించేవాళ్లు ఆన్‌లైన్‌లో ఎప్పుడూ ఉంటారు. ఆ మాటను చెవిన పెట్టకండి. బాస్‌లను రూపొందించినవాళ్లే వాటినీ ఆటలో పెట్టారు. బాస్ తోడేళ్ల వైపు తిరిగిన ఆ నాలుగు సెకన్లలోనే కొత్తవాళ్లకు అతని కదలికలు ప్రశాంతంగా చూసే వీలు చిక్కుతుంది.

ఇప్పుడు కిరణం కోట వైపు చూపిస్తున్నా దక్షిణానికి తిరగండి. అఘీల్ సరస్సు తూర్పు పక్కగా కిందికి వెళ్తే శాక్రిఫైస్ వంతెన వస్తుంది. దాని మీద బాణాల యంత్రం ఒకటి మిమ్మల్ని గురిచూసి కొడుతుంది. గుర్రాన్ని ఆపకుండా పరిగెత్తించి దాటేయండి. అవతల ఉన్నదే వీపింగ్ ద్వీపకల్పం. అక్కడికి ఎందుకు వెళ్లాలో అంకెలే చెబుతాయి. మొదట్లో ఎర్ర ఫ్లాస్క్ ఒక్కటి తాగితే 250 హెచ్‌పీ (ప్రాణం) తిరిగొస్తుంది. ఫ్లాస్క్ బలాన్ని పెంచే ఒక్కో శాక్రెడ్ టియర్‌తో అది 345, 430, 505, 570 ఇలా పెరుగుతుంది. ద్వీపకల్పంలో మూడు చర్చిల్లో మూడు టియర్లున్నాయి: వంతెనకు దగ్గరలోని చర్చ్ ఆఫ్ పిల్‌గ్రిమేజ్, కాలూ బాప్టిస్మల్ చర్చ్, ఫోర్త్ చర్చ్ ఆఫ్ మారికా. లిమ్‌గ్రేవ్ తూర్పున ఉన్న థర్డ్ చర్చ్ ఆఫ్ మారికాలో ఇంకొకటి. ఈ నాలుగూ వేసుకుంటే ఒక్క గుక్క విలువ 570. విగర్ 15 ఉన్న వాగబాండ్ మొత్తం ప్రాణమే 522! అంటే చావు అంచున ఉన్నా ఒక్క ఫ్లాస్క్‌తో పూర్తిగా నిండుతుంది. అదే మార్గిట్ దగ్గరికి నేరుగా పోయినవాళ్లు, సగం కూడా నిండని ఫ్లాస్క్‌ను దెబ్బల మధ్య రెండుసార్లు తాగాల్సి వచ్చి ఆ రెండోసారే చచ్చిపోతారు. థర్డ్ చర్చ్‌లో వండ్రస్ ఫిజిక్ అనే ప్రత్యేక ఫ్లాస్క్ కూడా దొరుకుతుంది, దాన్నీ వదలకండి.

ఫ్లాస్క్‌ల సంఖ్య పెరగడానికి గోల్డెన్ సీడ్స్ కావాలి. మెరుస్తున్న చిన్న బంగారు మొక్క ఎక్కడ కనిపించినా ఆగండి. స్టార్మ్‌హిల్‌లో కోటకు ఎక్కే దారిలో ఒకటుంది, తూర్పున ఫోర్ట్ హైట్ దగ్గర ఇంకొకటి.

తర్వాతది ఆయుధం. కొత్తవాళ్లు వచ్చిన రూన్స్‌నంతా స్ట్రెంగ్త్‌లో, డెక్స్టెరిటీలో పోసి 'దెబ్బ పెరగడం లేదేంటి' అని బాధపడతారు. ఈ దశలో దెబ్బ పెంచేది ఆయుధాన్ని మెరుగుపరిచే స్మితింగ్ స్టోన్స్ అనే రాళ్లు. వాగబాండ్ లాంగ్‌స్వోర్డ్ మూల దాడి 110, +25కు చేరేసరికి 269 అవుతుంది. మీ స్టాట్స్ (పాత్ర గుణాల అంకెలు) వల్ల వచ్చేది దాని మీద అదనం. మొదటి మూడు మెట్లకు ఒకటో రకం రాళ్లు 2, 4, 6 చొప్పున మొత్తం పన్నెండు కావాలి. ఎల్లే చర్చిలోని దాగలి మీదే +3 దాకా చేసుకోవచ్చు, ఆపైన రౌండ్‌టేబుల్ హోల్డ్‌లోని కమ్మరి హ్యూగ్ దగ్గరికి వెళ్లాలి. రాళ్లు గనుల్లో ఉంటాయి. అఘీల్ సరస్సుకు ఉత్తరాన లిమ్‌గ్రేవ్ టనెల్స్, ద్వీపకల్పంలో మోర్న్ టనెల్, రెండూ తిరిగితే సరిపోతుంది. రాళ్లను నాలుగు ఆయుధాలకు పంచకండి. నచ్చిన ఒక్కదానికే పెట్టండి.

మరి రూన్స్ దేనికి? విగర్‌కు. 15 నుంచి 20కి పెంచితే ప్రాణం 522 నుంచి 652కు పెరుగుతుంది, 25 దగ్గర 800. అక్కడినుంచి 40 దాకా లాభం ఇంకా ఎక్కువ: పదిహేను పాయింట్లకు 650, మొత్తం 1450. 40 నుంచి 60కి వచ్చేది 450 మాత్రమే, ఆ తర్వాత 99 దాకా వెళ్లినా కలిసేది 200. కాబట్టి మార్గిట్ ముందు 20, ఆట సగానికి వచ్చేసరికి 40 అనుకుని పెట్టుకుంటే లెక్క కుదురుతుంది. గోల్డెన్ రూన్ అని పేరున్న వస్తువులు చచ్చినా పోవు, అందుకే వాటిని చేతిలో ఉంచుకుని, లెవెల్‌కు కొద్దిగా తక్కువైనప్పుడు మాత్రమే పగలగొట్టండి. నేలమీద పడిపోయిన రూన్స్ మాత్రం వేరు. తిరిగి అందుకోకముందే ఇంకోసారి చస్తే అవి శాశ్వతంగా పోతాయి. బాస్ గదిలో అడుగుపెట్టే ముందు చేతిలో ఉన్నవి ఖర్చుపెట్టేయడం మంచి అలవాటు.

కవచం కనిపించిందల్లా తొడగొద్దు. ఎక్విప్ లోడ్ (మోస్తున్న బరువు) 70 శాతానికి చేరితే మీ రోల్ (దొర్లి తప్పుకోవడం) బరువెక్కి, తప్పించుకోవాల్సిన దెబ్బలే తగులుతాయి. 30 నుంచి 70 మధ్య ఉంటే చాలు, 30 లోపు కోసం తాపత్రయం అనవసరం. రోల్ విషయంలో ఇంకో సంగతి: పరిగెత్తడానికీ దొర్లడానికీ ఒకటే బటన్ కాబట్టి, రోల్ మొదలయ్యేది బటన్ నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. భయంతో గట్టిగా నొక్కిపట్టేవాళ్లకు రోల్ ఎప్పుడూ ఆలస్యమే. టక్కున నొక్కి వదిలేయాలి.

మార్గిట్ బలం సరిగ్గా అక్కడే ఉంది. కర్ర పైకెత్తి ఒక క్షణం అలాగే ఆగుతాడు. ఎత్తగానే దొర్లినవాడు లేచే సమయానికి దెబ్బ దిగుతుంది. కర్ర ఎత్తినప్పుడు కాకుండా కిందికి కదిలినప్పుడు దొర్లండి, అదీ వెనక్కి కాదు, అతని వైపుకే. మీరు దూరంగా పోయి ఫ్లాస్క్ తీస్తే వెలుగుతో చేసిన కత్తి విసురుతాడు. తాగాల్సింది అతని వరస దెబ్బ పూర్తిగా ముగిశాకే. ఎగిరి కొట్టే బరువు దెబ్బలు, నొక్కిపట్టి వదిలే దెబ్బలు పదేపదే తగిలితే అతను మోకాలి మీద కూలబడతాడు. అప్పుడు ముందుకెళ్లి మామూలు దాడి బటన్ నొక్కితే పెద్ద దెబ్బ పడుతుంది. గది బయట బంగారు రంగు గుర్తు తాకితే మాంత్రికుడు రోజియర్ సాయానికి వస్తాడు. ఇంకా కావాలంటే మర్క్‌వాటర్ గుహలో ప్యాచెస్ ఉన్నాడు. సగం ప్రాణం పోగానే లొంగిపోతాడు, అక్కడ కత్తి ఆపండి. చంపకుండా వదిలితే వర్తకుడిగా మారి, మార్గిట్‌ను మొదటి దశలో కొద్దిసేపు నేలకు కట్టేసే సంకెలను 5000 రూన్స్‌కు అమ్ముతాడు.

వెనక్కి తగ్గాల్సిన చోట్లను గుర్తుపట్టడమూ తెలియాలి. మామూలు శత్రువు ఒక్క దెబ్బకే మీ సగం ప్రాణం తీస్తుంటే, మీ నాలుగు దెబ్బలకు అతని బార్ కదలకపోతే, ఆ ప్రాంతం ఇప్పటిది కాదు. తూర్పున నేల ఎర్రబడిన కేలిడ్ అలాంటిదే. దురదృష్టం ఏమిటంటే ఆట మిమ్మల్ని అక్కడికి బలవంతంగానూ పంపుతుంది. అఘీల్ సరస్సు దగ్గర డ్రాగన్-బర్న్ట్ శిథిలాల నేలమాళిగలో ఉన్న పెట్టె తెరిస్తే పొగ కమ్మి, కేలిడ్‌లోని సెలియా క్రిస్టల్ టనెల్‌లో తేలతారు. గని లోపల ఉన్నంతసేపూ మ్యాప్‌తో ప్రయాణం కుదరదు. పోరాడకండి, వంగి నడుస్తూ, అవసరమైతే పరిగెత్తి గని బయటపడండి. బయటికి రాగానే మ్యాప్ తెరిచి లిమ్‌గ్రేవ్‌కు వచ్చేయొచ్చు.

ఆటలో క్వెస్ట్‌ల జాబితా ఉండదు, తెలుగూ లేదు. ఉన్న ఇంగ్లిష్ కూడా పాతకాలపు పలుకుబడి. అందుకని పాత్రలు చెప్పిన ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి, తలుపు వేసి ఉన్న చోటల్లా మ్యాప్ మీద గుర్తు పెట్టండి. మాట్లాడే పాత్ర మీద పొరపాటున కత్తి దూస్తే అతని కథ అక్కడే ఆగిపోవచ్చు, సంభాషణ సమయంలో చేతిని దాడి బటన్ల నుంచి తీసేయండి. ఆటను పాజ్ చేయలేమని అంటారు కానీ, ఎక్విప్‌మెంట్ తెర తెరిచి హెల్ప్ బటన్‌తో 'మెనూ ఎక్స్‌ప్లనేషన్' ఎంచుకుంటే ఆగుతుంది. ఇంట్లో ఎవరో పిలిచినప్పుడు పనికొస్తుంది.

పీసీలో ఆడేవాళ్లకు కనీస అవసరం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 స్థాయి కార్డు, 60 జీబీ ఖాళీ. 8 జీబీ ల్యాప్‌టాప్ మీద ఆట తెరుచుకున్నా, ఉన్నట్టుండి తెర బిగుసుకుంటే రోల్ సమయమంతా తప్పుతుంది. దాన్ని మీ చేతకానితనం అనుకోవద్దు. వీలైతే కీబోర్డ్ పక్కనపెట్టి కంట్రోలర్ తీసుకోండి.

స్టాట్స్ తప్పుగా పెట్టామన్న దిగులు కూడా అక్కర్లేదు. కోట దాటాక లియర్నియా అనే ప్రాంతంలో రాయా లుకారియా విద్యాలయం వస్తుంది. అక్కడ రెన్నాలా అనే బాస్‌ను ఓడిస్తే, లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఇచ్చి పాయింట్లన్నీ తిరిగి పంచుకోవచ్చు. మార్గిట్ ఎంతకీ లొంగకపోతే కోట పక్కనుంచి, కొండ అంచు వెంట లియర్నియాకు నేరుగా చేరే దారీ ఉంది. 2024 జూన్ 21న వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగాన్ని మాత్రం ఇప్పుడే కొనకండి. రాడాన్, మోగ్ అనే బాస్‌లను ఓడించేదాకా అందులోకి ప్రవేశమే లేదు, ఆ రెండూ మీకు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి.