ఒక్కో కేసుకు లక్షన్నరట!

ఆ సందేశం మళ్లీ వచ్చింది. ఎక్కడైనా కొత్త వైరస్ అని వార్త రాగానే అది లేచి కూర్చుంటుంది. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అన్నప్పుడు వచ్చింది, ఆ వేసవిలో కోవిడ్ కేసులు కాస్త పెరిగాయన్నప్పుడు వచ్చింది, ఇప్పుడు మళ్లీ వచ్చింది. పంపినవాళ్లు పరాయివాళ్లయితే ఊరుకునేవాణ్ణి. చెన్నై సాలిగ్రామంలో ఉండే మా బావగారు, టీ నగర్ తెలుగు మిత్రుల వాట్సాప్ గ్రూపు, పొద్దున పార్కులో నడిచే పెద్దలు, చివరికి ఇంజనీరింగ్ చదివిన మా మేనల్లుడు. అందరిదీ ఒకటే మాట: “నిజమో కాదో తెలియదు, వచ్చింది కాబట్టి పంపాను.” నిజమో కాదో తెలియని మందును ఎవరూ ఇలా పది మందికి పంచరు కదా అందామంటే కృష్ణపట్నం గుర్తొచ్చి ఆగాను. దాని సంగతి తర్వాత.

సందేశం పేరు ‘కరోనా నాటకం: దాచిన ఏడు నిజాలు’. అందులో ఉన్నది ఇది. కరోనా మామూలు జలుబు. ఒక్కో కేసుకు కేంద్రం ఆసుపత్రికి లక్షన్నర ఇచ్చింది కాబట్టి పోయిన వాళ్లందరినీ కరోనా ఖాతాలో రాశారు. శవాలను చూపించనిది అవయవాలు తీసుకోవడానికే. స్వీడన్ లాక్‌డౌన్ పెట్టకుండా హాయిగా ఉంది. మన మూలికా వైద్యాన్ని ప్రభుత్వం తొక్కేసింది. తమిళ హాస్యనటుడు వివేక్ టీకా వల్లనే పోయారు. ఎన్నికలప్పుడు మాత్రం కరోనా సెలవు తీసుకుంది.

జలుబు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. 2021 మే నెలలో చెన్నైలో ఉన్నవాళ్లకు దీనికి జవాబు అక్కర్లేదు. రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ముందు రోగులతో వరుసకట్టిన అంబులెన్సులు, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ల కోసం కీళ్పాక్కం వైద్య కళాశాల దగ్గర తెల్లవారుజాము నుంచి నిలబడ్డ జనం, ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి చెంగల్పట్టులో ఒక్క రాత్రిలో పోయిన 13 మంది. కొరత లేదని అధికారులు, కొరతే అని బంధువులు వాదించుకున్నారు. జలుబని మాత్రం అక్కడ ఎవరూ అనలేదు.

ఇక లక్షన్నర. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఇదే.

ఈ కథకు అమెరికాలో ఒక దగ్గరి చుట్టం ఉంది. 2020 మార్చిలో అక్కడ చేసిన చట్టం ప్రకారం, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన వృద్ధుల చికిత్సకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా 20 శాతం అదనంగా చెల్లించింది. అంతే, వెంటిలేటర్ పెడితే ఆసుపత్రికి 39 వేల డాలర్లు, అందుకే అందరికీ పెడుతున్నారు అని పుకారు లేచింది. అదే ఏడాది ఇక్కడ లక్షన్నర రూపాయల కథ మొదలైంది. కేంద్రం ఖండించింది. ఖండనను ఎవరు ఫార్వర్డ్ చేస్తారు?

మన దగ్గర ఉన్న ఏర్పాటు వేరు. 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల ధరలకు పరిమితి పెట్టింది. ఐసీయూకు రోజుకు 15 వేలు మించకూడదంది. ముఖ్యమంత్రి బీమా పథకం కిందికి వచ్చేవాళ్లకు ఆ పథకం చెల్లించింది. ఆ డబ్బు రోగిని చూసినందుకు. కేసు రాసినందుకు పైసా లేదు. పరిమితిని అందరూ పాటించారా అని అడిగితే పాటించలేదనే చెబుతాను. మా వీధిలో ఒక ఇంటికి వచ్చిన ఆసుపత్రి బిల్లు నా కళ్లతో చూశాను. అందులో పీపీఈ కిట్ల పద్దు చదివితే డాక్టర్లు గంటకొకసారి బట్టలు మార్చుకున్నారేమో అనిపిస్తుంది. ప్రైవేటు ఆసుపత్రులు జనాన్ని పిండాయి అని సందేశంలో రాసి ఉంటే నేనూ పంచేవాణ్ణి. కానీ పిండినది రోగి జేబును. కేంద్ర ఖజానా నుంచి శవానికింత అని తీసుకున్నారనడం వేరే కథ.

ఆ కథ నిలబడాలంటే కరోనా మరణాల లెక్క ఉన్నదానికన్నా ఎక్కువగా ఉండాలి. ఈ ఊళ్లో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. 2020 జూన్‌లో చెన్నై కార్పొరేషన్ మరణాల రిజిస్టరులో ఉన్న పేర్లు ఆరోగ్య శాఖ రోజూ విడుదల చేసే బులెటిన్‌లో లేవని బయటపడింది. గొడవయ్యాక కమిటీ వేశారు. జూలై 22న, వదిలేసిన 444 చావులను ఒకేసారి లెక్కలో కలిపారు. లక్షన్నర చొప్పున అది 6 కోట్ల 66 లక్షలు. అంత డబ్బు ఊరికే వస్తుంటే పేర్లు రాయకుండా వదిలేసిన చెన్నై ఆసుపత్రులు ఎంతటి త్యాగమూర్తులో చూడండి!

చెన్నై ఒక్కటే అనుకోకండి. దేశంలో 2019లో నమోదైన మరణాలు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో 1 కోటి 2 లక్షలు. ఇవి కేంద్రం వారి జనన మరణ నమోదు లెక్కలే. 2021కి కరోనా ఖాతాలో వేసినది సుమారు 3 లక్షల 30 వేలు. నమోదు మెరుగుపడటం వల్ల కొంత పెరిగి ఉండవచ్చు, కాదనను. కానీ ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగేంతగా మన పంచాయతీ గుమాస్తాలు ఉన్నట్టుండి చురుకైపోయారంటే నమ్మడం కష్టం. ఆ రెండేళ్లలో భారతదేశంలో అదనంగా పోయినవాళ్లు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే మన ప్రభుత్వం ఆ పద్ధతే తప్పని కొట్టిపారేసింది. మన తెలుగు రాష్ట్రాల లెక్క కావాలా? సుప్రీంకోర్టు మాటతో మృతుల కుటుంబాలకు 50 వేల పరిహారం వచ్చినప్పుడు, తెలంగాణలో అధికారిక మరణాలు సుమారు 4 వేలు. దరఖాస్తులు దానికి ఎన్నో రెట్లు. ఆంధ్రలోనూ లెక్కకన్నా దరఖాస్తులే ఎక్కువ. ఆ 50 వేలు కూడా వెళ్లింది కుటుంబానికి, ఆసుపత్రికి కాదు.

వాషర్‌మెన్‌పేటలో నాకు తెలిసిన ఒక టైలరుగారున్నారు, నెల్లూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవారు. 2021 మే నెలలో ఆయన భార్య పోయారు. స్కానింగులో ఊపిరితిత్తులు సగానికి పైగా పోయాయి, ముక్కులోంచి తీసిన నమూనా మాత్రం నెగెటివ్. మరణ కారణం దగ్గర ‘శ్వాసకోశ వైఫల్యం’ అని రాశారు. పరిహారం కోసం ఆయన ఏ బల్ల దగ్గరికి వెళ్లినా ఆ రెండు ముక్కలే అడ్డం పడ్డాయి. పోయినవాళ్లందరినీ కరోనా అని రాశారని చెప్పే ఈ సందేశం ఆయన ఫోనుకు కూడా వచ్చింది. పంపినది ఆయన సొంత తమ్ముడు.

లక్షలు మింగారంటున్న డాక్టర్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2020 ఏప్రిల్ 19 రాత్రి ఈ నగరంలో కోవిడ్‌తో ఒక న్యూరోసర్జన్ పోయారు. ఆయన్ను పూడ్చడానికి తీసుకెళితే జనం రాళ్లతో, కర్రలతో అంబులెన్సు మీద పడ్డారు. చివరికి పోలీసు కాపలాలో తోటి డాక్టరు గుంత పూడ్చాల్సి వచ్చింది. అంత్యక్రియలను అడ్డుకుంటే మూడేళ్ల దాకా జైలు అని ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఒక డాక్టరుకు ఆరడుగుల నేల ఇప్పించడానికి ఆర్డినెన్స్ కావలసి వచ్చిన ఊళ్లో కూర్చుని, వాళ్లు శవాలతో వ్యాపారం చేశారని సందేశాలు పంపుకుంటున్నాం.

మా బావగారి లాంటివాళ్లు దీన్ని పంపడానికి కారణం ప్రభుత్వం మీద కోపం. నాకూ ఉంది ఆ కోపం. కానీ ఏ ప్రభుత్వమైనా చావులను తక్కువ చేసి చూపించాలనుకుంటుంది. మీరు ఆ తగ్గించిన లెక్క కూడా ఎక్కువే అని ఊరంతా చాటుతున్నారు. ఇంతకన్నా మంచి ప్రచారకర్తలు ఏ పాలకులకూ జీతమిచ్చినా దొరకరు.

అవయవాల దొంగతనం. పోయినవారి నుంచి మార్పిడికి పనికొచ్చే అవయవాలు కావాలంటే సాధారణంగా మెదడు చనిపోయినా గుండె కొట్టుకుంటున్న మనిషి కావాలి, గంటల్లో ఆపరేషన్ జరగాలి. వైరస్‌తో ఒళ్లంతా దెబ్బతిని పోయినవారి మూత్రపిండాన్ని ఎవరు కొంటారు, ఎవరికి పెడతారు? కానీ ఈ పుకారు పుట్టడానికి చోటిచ్చింది ఎవరో కూడా చెప్పాలి. సంచి జిప్పు ముఖం వరకు తీసి బంధువులకు చూపించవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. చాలా చోట్ల చూపించలేదు. కన్నతండ్రి ముఖం చూడనివ్వకుండా మూటకట్టి పంపిస్తే మనిషి ఏమైనా నమ్ముతాడు.

స్వీడన్. ఆ దేశం మొత్తం జనాభా మన చెన్నై మహానగరమంత. టీ నగర్ రంగనాథన్ వీధి బజారులో తమిళుల ఆడి మాసపు తగ్గింపు అమ్మకాలప్పుడు ఒకసారి నడిచి వచ్చి, అప్పుడు స్వీడన్ గురించి మాట్లాడుకుందాం. అక్కడా 50 మందికి మించి గుమిగూడటాన్ని నిషేధించారు. మొదటి ఏడాది చివర ‘మనం విఫలమయ్యాం’ అన్నది ఆ దేశపు రాజే. అయితే మొత్తం కాలం మీద చూస్తే ఐరోపాలో అదనపు మరణాలు తక్కువగా ఉన్న దేశాల్లో స్వీడన్ ఒకటి. అది వాళ్లకు దక్కాలి.

లాక్‌డౌన్‌ను తిట్టాలంటే అంత దూరం పోనక్కర్లేదు, మన కోయంబేడు కూరగాయల మార్కెట్ చాలు. 2020 ఏప్రిల్ 26 నుంచి నాలుగు రోజులు చెన్నైలో సంపూర్ణ లాక్‌డౌన్ అని రెండు రోజుల ముందు ప్రకటించారు. 25న ఊరంతా కూరగాయల కోసం బజారున పడింది. దూరం పాటించమని చెప్పే ప్రభుత్వమే జనాన్ని ఒకచోటికి తోలింది. మార్కెట్ పెద్ద కేసుల కుప్పగా తేలి మే 5న మూతపడింది. అప్పటికే టమాటా లారీలతో పాటు వైరస్ చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు చేరింది. ఆంధ్ర బులెటిన్లలో ‘కోయంబేడు కాంటాక్టు’ అని విడిగా రాయాల్సి వచ్చింది. ఇంత మంచి ఉదాహరణ ఇంటి పక్కన ఉండగా స్టాక్‌హోం దాకా ఎందుకు వెళ్తారో నాకర్థం కాదు.

మూలికా వైద్యాన్ని తొక్కేశారట. ఇక్కడ కబసుర కుడినీరు అనే సిద్ధ వైద్యపు కషాయాన్ని ప్రభుత్వమే వీధివీధికీ తిప్పి పోసింది. ఇంకెలా పైకి ఎత్తాలి? ఇక నెల్లూరు జిల్లా కృష్ణపట్నం, ఆనందయ్య కరోనాకు నాటు మందు పంచిన ఊరు. 2021 మే నెలలో ఎవరు వెళ్తున్నారు, పొట్లం ఎవరు తెస్తారు అని మన గ్రూపుల్లో ఎన్ని ఆరాలో! ఆనందయ్య మందును ఆంధ్ర ప్రభుత్వం దాచలేదు. ఆయుర్వేద పరిశోధకుల నివేదిక తెప్పించుకుని, కంటి చుక్కలు తప్ప మిగతావి పంచుకోవచ్చని మే 31న అనుమతిచ్చింది. చుక్కలు పడగానే లేచి కూర్చున్నానని వీడియోలో చెప్పిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఆ తర్వాత కొద్ది రోజులకే ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ మొదటి వీడియో ఇప్పటికీ తిరుగుతోంది, రెండో వార్త ఎవరికీ చేరలేదు. నూటికి తొంభై ఎనిమిది మంది ఎలాగూ కోలుకునే జబ్బుకు మిరియాల చారు కూడా దివ్యౌషధమే.

వివేక్ గారు 2021 ఏప్రిల్ 15న ఓమందూరార్ ఆసుపత్రిలో టీకా వేయించుకున్నారు, 17న గుండెపోటుతో పోయారు. టీకా దుష్ప్రభావాలను చూసే జాతీయ కమిటీ పరిశీలించి టీకాకు సంబంధం లేదని తేల్చింది. కమిటీని నమ్మనంటారా, సరే. కానీ సందేశంలో సాక్ష్యంగా చూపిన రక్తం గడ్డకట్టే సమస్య ఆస్ట్రాజెనికా టీకాది, మన దగ్గర దాని పేరు కోవిషీల్డ్. అది అరుదైనదే అయినా నిజమైనదే, 2021లోనే బయటపడింది, మన అధికారులు దాని గురించి ఇంకా బాగా చెప్పి ఉండాల్సింది. వివేక్ వేయించుకున్నది కోవాక్సిన్. అబద్ధమాడటానికైనా కాస్త శ్రద్ధ ఉండాలి.

ఏడోది మిగిలింది: ఎన్నికలప్పుడు కరోనా సెలవు తీసుకుంది. దీని కింద నేను సంతకం పెడతాను, ఒక్క సవరణతో. సెలవు తీసుకున్నది కరోనా కాదు, ప్రభుత్వాలూ ఎన్నికల సంఘమూ. బావగారూ, మీకు పంపక తప్పదనిపిస్తే మిగతా ఆరూ తీసేసి ఇది ఒక్కటే పంపండి, తేదీలు నేనిస్తాను. 2021 ఏప్రిల్ 6న తమిళనాడులో పోలింగ్. అంతవరకు ఊరేగింపులకు అడ్డు లేదు. 8న కొత్త ఆంక్షల ప్రకటన. 17న, అంటే రెండో అల ఉద్ధృతంగా లేస్తుండగా, తిరుపతిలో ఉప ఎన్నిక. 26న ఎన్నికల సంఘం మీద హత్య కేసు పెట్టాలేమో అని మద్రాసు హైకోర్టు వ్యాఖ్య. అది మరీ కటువైన మాట అని మే నెలలో సుప్రీంకోర్టు అభిప్రాయం. అది కూడా కలిపి పంపండి, లేకపోతే దానికీ నేనే జవాబు రాయాల్సి వస్తుంది.