కాపీ చేస్తే చెయ్యి పాడవుతుందా?

బొమ్మలు నేర్చుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “పాత మాస్టర్ల పోర్ట్రెయిట్లు చూసి వేస్తే చెయ్యి పాడవుతుంది, సొంత శైలి రాదు. గొప్పవాళ్లెవరూ కాపీ చెయ్యలేదు. అది దొంగతనమే. నేర్చుకోవాలంటే ఫోన్‌లో చూస్తే చాలు” అని దాని సారాంశం. ఇది చదివి, నాకు తెలిసిన ఒక అమ్మాయి సగం వేసిన కాన్వాస్‌ను గోడవైపు తిప్పి పెట్టేసింది. నాకు చాలా బాధేసింది.

గొప్పవాళ్లు కాపీ చెయ్యలేదన్నది పచ్చి అబద్ధం. 1628లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ వెళ్లేనాటికి చిత్రకారుడు రూబెన్స్‌కు యాభై దాటాయి, యూరప్ అంతా పేరుంది. అయినా స్పెయిన్ రాజు దగ్గరున్న, తనకు ముందుతరం ఇటలీ చిత్రకారుడు టిషియన్ చిత్రాలను ముందు పెట్టుకుని కాపీలు వేశాడు. టిషియన్ వేసిన ఆదాము అవ్వల బొమ్మ, రూబెన్స్ వేసిన కాపీ రెండూ ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. రూబెన్స్ ఆదాము కూర్చున్న తీరు మార్చాడు, చెట్టు మీద ఎర్ర చిలకను కూడా చేర్చాడు! పోర్ట్రెయిట్లకు పేరుపడ్డ అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ 1879లో అదే ప్రాడోలో పాత స్పెయిన్ మాస్టర్ వెలాస్కెజ్‌ను, మరుసటి ఏడాది హాలండ్‌లో పాత డచ్ మాస్టర్ ఫ్రాన్స్ హాల్స్‌ను కాపీ చేశాడు. అతని పోర్ట్రెయిట్లు చూసి ఇవి వెలాస్కెజ్‌వి అని ఎవరైనా పొరబడతారా?

సొంత శైలి గురించి కూడా అదే మాట. మనమంతా పలక మీద ఓనమాలు దిద్దినవాళ్లమే. మన చేతిరాతలు ఒకేలా ఉన్నాయా?

అసలు కాపీ ఏం నేర్పుతుందో చెబుతాను. కాన్వాస్ తిప్పి పెట్టేసిన ఆ అమ్మాయి వేస్తున్నది డచ్ చిత్రకారుడు వెర్మీర్ చిత్రం, 1665 ప్రాంతంలో వేసిన ముత్యపు చెవిపోగు అమ్మాయి. మామూలుగా చూస్తే ముక్కు చక్కగా, స్పష్టంగా కనిపిస్తుంది. బ్రష్ పట్టుకుని వెయ్యబోతేనే తెలుస్తుంది, వెలుగు పడే వైపు ముక్కు దూలానికి గీతే లేదని. ముక్కు, చెంప ఒకే రంగులో కలిసిపోయాయి. మనం అలవాటుగా గీత గీస్తాం, ముఖం వెంటనే బొమ్మల పుస్తకంలోలా అయిపోతుంది. తుడిచి మళ్లీ వేస్తాం. మూడోసారికి అర్థమవుతుంది, గీత లేకుండా వెలుగునీడలతోనే ముక్కు నిలబడుతుందని. నాకు దీన్ని ఏ పాఠమూ నేర్పలేదు, నా చేతితో నేను చేసిన తప్పే నేర్పింది.

దొంగతనం అనే మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. వేరేవాళ్ల సంతకం పెట్టి అసలుదని అమ్మితే దొంగతనం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ఇప్పటికీ కాపీ చేసేవాళ్లకు అనుమతిస్తుంది, కాకపోతే కాన్వాస్ అసలు బొమ్మ సైజులో ఉండకూడదు.

ఫోన్ సంగతిలో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. ఆ వెర్మీర్ చిత్రం ఉన్న ది హేగ్ నగరం మనకు దూరం, మ్యూజియంలు పెట్టే పెద్ద ఫొటోలే మనకు దిక్కు. కానీ స్క్రీన్ మీద రంగు మందం కనబడదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ ఆయిల్ చిత్రాలను పక్కవాటుగా నిలబడి చూడండి, ఎక్కడ పలచనో ఎక్కడ ముద్దగా ఉందో తెలుస్తుంది. గళ్లు గీసుకుని, ఫోన్‌లో కనిపించే రంగును చదరం చదరంగా నింపితే మాత్రం పోలిక వస్తుంది, విద్య రాదు. ముందు టర్పెంటైన్‌తో పలచన చేసిన అంబర్ (మట్టి గోధుమ రంగు) పూసి, నీడలు పెట్టి, అది ఆరాక చర్మం రంగులు వెయ్యాలి. పైకి వెళ్లేకొద్దీ రంగులో అవిసె నూనె వాటా పెరగాలి, లేకపోతే పొరలు పగులుతాయి. తల ఒక్కటే వేసుకున్నా చాలు.

ఆ అమ్మాయి కాన్వాస్ మీద ముక్కు కుదిరింది, పెదవులు కూడా వచ్చాయి. చెవిపోగు ఒక్కటే మిగిలింది. వెర్మీర్ ఆ ముత్యాన్ని పైన ఒక తెల్లటి మెరుపు, కింద తెల్ల కాలర్ ప్రతిబింబంలాంటి మెత్తటి వెలుగు, ఈ రెండింటితోనే నిలబెట్టాడు. వేలాడటానికి కొక్కెం కూడా వెయ్యలేదు. అమ్మా, ఆ కాన్వాస్ ఇటు తిప్పు.