టెస్టోస్టెరాన్ గారికి, ఒక బండ విషయమై

మహారాజశ్రీ టెస్టోస్టెరాన్ గారి సముఖానికి,

మగ హార్మోన్ అయిన తమరి కాపురం ముఖ్యంగా వృషణాల్లోనే అయినా పెత్తనం ఒళ్ళంతా సాగుతుంది. మనుషులు తమరికి పేరుపెట్టింది 1935లో. తొండలు మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే, పేరు తెలియకుండానే తమరు ఆడించినట్టు ఆడుతున్నాయి.

నా ఫిర్యాదు ఒక బండ గురించి. పొద్దెక్కగానే మగ తొండ దాని నడినెత్తికెక్కి దండీలు తీస్తుంది. నాలుగు దండీలు, నాలుగు దిక్కులకూ ఓ చూపు. అల్లంత దూరాన ఇంకో మగది తల ఎగరేసిందా, ఇక చూడాలి! ఒళ్ళు రెండు పక్కలా నొక్కేసినట్టు పలచబరిచి, పొట్టమీది నీలం మచ్చలు కనపడేలా పక్కకు తిరిగి నిలబడుతుంది. అడుగుజాగా గట్టు తగాదాకి ఇంత ఆర్భాటమా అంటే, తమరి ఆజ్ఞ.

అరిజోనా కొండల్లోని ముళ్ళపొలుసుల తొండల దగ్గర పరిశోధకులు కేథరిన్ మార్లర్, మైఖేల్ మూర్ 1980ల చివర్లో తమరి బండారం బయటపెట్టారు. వాటికి జతకట్టే కాలం శరత్తు. వేసవిలో జాగా కాపలా ఉన్నా అంత ఉధృతంగా ఉండదు. వీళ్ళు కొన్ని మగవాటి చర్మం కింద తమరిని అమర్చి, శరత్కాలపు మోతాదును వేసవిలోనే ఎక్కించారు. అంతే! తిరుగుడు పెరిగింది, కయ్యాలు పెరిగాయి, తిండి వేళ తరిగింది. మామూలు వాటికన్నా ఇవే ఎక్కువగా చచ్చాయి. పోనీ, పోరులో వీరమరణం అనుకుందామా అంటే, తర్వాత అలాంటి వాటికే పురుగుల మేత వేసి చూస్తే బతికి బట్టకట్టాయి. చంపింది శత్రువు పళ్ళు కాదండీ, మాడిన కడుపు. పొగరు తమరిది, ఆకలి దానిది. బాగుంది లెక్క.

తమరి బంధువు, ఒత్తిడి వేళ పుట్టే హార్మోన్ కార్టికోస్టెరాన్ కాస్త నయం. ఆకుపచ్చ అనోల్ తొండలు రెండు తలపడితే, కంటి వెనక నల్లమచ్చ ఎవరికి ముందు పడుతుందో సాధారణంగా వాడిదే పైచేయి. అది అడ్రినలిన్ వర్గం చేసే పని. ఓడినవాడి ఒంట్లో కార్టికోస్టెరాన్ గారు పెరిగి 'ఊరుకోరా, ఇవాళ్టికి ప్రాణం దక్కింది చాలు' అన్నట్టు వెనక్కి లాక్కుపోతారు. ఆ పిల్లాడు ముదురు గోధుమ రంగుకు దిగి ఓ కొమ్మ చాటున సర్దుకుంటాడు. తమరికి ఈ బుజ్జగింపు విద్య ఎందుకు పట్టుబడలేదో!

ఇక కాలిఫోర్నియా సంగతి. అక్కడ ఓ చిన్న తొండ జాతిలో మగవాటి గొంతులు మూడు రంగులు. నారింజ గొంతు వాటికి తమరి దయ ధారాళం, జాగా కూడా పెద్దదే. నీలం గొంతువి కొంచెం చోటు, కొంచెం కాపలాతో సరిపెట్టుకుంటాయి. పసుపు గొంతువి మాత్రం జాగా ఊసే ఎత్తవు. ఆడవాటిలా నంగనాచి వేషం వేసుకుని నారింజ వారి హద్దులోకి నడిచివెళ్ళి, పని చక్కబెట్టుకొస్తాయి. దీన్నంతా సినర్వో, లైవ్లీ అనే పరిశోధకులు 1996లో రాశారు, తమరు చదివి ఉండరు.

ఆ వేళకి నారింజ వారెక్కడున్నారంటారా? బండమీదే. అయిదో దండీ తీస్తున్నారు.

ఇట్లు,
తొండల శ్రేయోభిలాషి