బీటీ పత్తి మీద వాలితే తేనెటీగ చస్తుందా?

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ వారం మూడుసార్లు తిరిగిన మెసేజ్ ఇది: బీటీ పత్తి చెట్టంతా విషమే, ఏ పురుగు వాలినా చస్తుంది. సీతాకోకచిలుకలు చస్తాయని అమెరికాలో రుజువైంది. హైదరాబాద్‌లో తేనెపట్లు కనబడకపోవడానికి కారణం కూడా అదే.

బీటీ పత్తి అంటే, మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువు చేర్చి, గొంగళిపురుగుల్ని చంపే ప్రోటీన్‌ను చెట్టే తయారుచేసుకునేలా మార్చిన పత్తి. "ఏ పురుగు వాలినా" అన్నవాళ్లు పత్తి చేను గట్టు తొక్కలేదనుకుంటా. చేవెళ్ల దగ్గర మా బాబాయ్ చేలో ఆకు తిప్పితే చాలు, పచ్చదోమ పీతలా అడ్డంగా పరుగెడుతుంది. పక్క ఆకుకింద తెల్లదోమ. రెండూ దర్జాగా రసం పీలుస్తూనే ఉంటాయి. బీటీ ప్రోటీన్ గొంగళిపురుగు కడుపులోని క్షారంలో కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. అది అతుక్కునే చోటు పేగులో లేని పురుగుకు ఏమీ కాదు.

చావాల్సిన పురుగే చావట్లేదు, అది అసలు కథ. మన దేశంలో 2002లో ఒక జన్యువుతో బీటీ పత్తి వచ్చింది, 2006లో రెండు జన్యువులది. పత్తికాయ తొలిచే గులాబీరంగు పురుగు రెండింటికీ అలవాటు పడిపోయింది. పోయినేడు బాబాయ్ విచ్చుకోని గుడ్డిపువ్వు ఒకటి చిదిమి చూపించాడు. లోపల పురుగు. "చెట్టంతా విషమైతే ఇదెట్లా బతికిందిరా?" అన్నాడు. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. బీటీకి లొంగే పురుగులు కొన్ని దానిమీద బతికి, మొండి పురుగులతో జతకట్టాలని, పుట్టే పిల్లలు మళ్లీ బీటీకి లొంగాలని. ఆ చిన్న ప్యాకెట్ బాబాయ్ కూడా పారేశాడులెండి.

అమెరికా సంగతి సగం నిజం. 1999లో ల్యాబ్‌లో బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన ఆకులు తిన్న మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు కొన్ని చచ్చిన మాట వాస్తవమే. 2001లో పొలాల్లో లెక్క తీస్తే, ఆకులమీద పడే పుప్పొడి అంత హాని చేసే మోతాదులో లేదని తేలింది. పుప్పొడిలో విషం మరీ ఎక్కువున్న ఒక్క రకం మార్కెట్లోంచి పోయింది.

బీటీ పురుగులకు మేలు చేస్తుందని కూడా నేననను. 2007లో 42 పొలం ప్రయోగాలను కలిపి చూశారు. మందు కొట్టిన మామూలు చేలకంటే బీటీ చేలలో ఇతర పురుగులు ఎక్కువ. అసలు మందే కొట్టని మామూలు చేలకంటే మాత్రం కొన్ని రకాలు తక్కువ. అంటే అక్షింతల పురుగుకైనా సాలీడుకైనా పెద్ద దెబ్బ స్ప్రేయర్‌దే. దోమకోసం బీటీ చేలోనూ మందు కొడుతూనే ఉన్నాం.

ఇక తేనెటీగలు. బీటీ ప్రోటీన్ వాటిని చంపదని పరీక్షల్లో మళ్లీమళ్లీ తేలింది. పూతమీద ఉదయం పూట కొట్టే మందు చంపుతుంది. హైదరాబాద్‌లో పట్లు ఎందుకు లేవంటారా? మా ఐదో అంతస్తు సన్‌షేడ్ కింద పెద్ద తేనెటీగలు కట్టిన పట్టుకు పొగపెట్టించడానికి పోయిన నెల ఇదే గ్రూపులో ఫ్లాటుకు రెండు వందలు వసూలు చేశారు. మొదట ఫోన్‌పే చేసింది ఈ మెసేజ్ పెట్టినాయనే.