ఇవెలూమో కొట్టని గోల్, మనవాళ్లు అల్లిన కథ

ఈ నెలలో నాలుగోసారి అదే సందేశం నా ఫోన్‌కు వచ్చింది. పంపిన నలుగురూ ఫుట్‌బాల్ చూసేవారే కావడం నా చిరాకును రెట్టింపు చేసింది. స్కాట్లాండ్ స్ట్రైకర్ క్రిస్ ఇవెలూమో ఫొటో కింద ఉన్న మాటల సారాంశం ఇది: ఖాళీ గోల్‌ను మూడు గజాల నుంచి తప్పాడు, స్కాట్లాండ్‌కు ప్రపంచ కప్ పోగొట్టాడు, ఆ దెబ్బతో ఆటకే దూరమయ్యాడు, ఏ క్లబ్బూ ఆయనను పట్టుమని రెండేళ్లు భరించలేదు.

మొదటిది నిజమే. 2008 అక్టోబర్ 11న హాంప్‌డెన్ పార్కులో నార్వేపై ఆడిన 2010 ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ అది. ముప్పయ్యేళ్ల వయసులో దేశం తరఫున తొలిసారి, అదీ రెండో సగంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన ఇవెలూమో వద్దకు సహచరుడు గ్యారీ నేస్మిత్ ఎడమ వైపు నుంచి పంపిన బంతి నేరుగా వచ్చింది. కాలు తగిలితే చాలు గోల్ అనుకున్న చోట అది పోస్టు పక్కనుంచి బయటికి పోయింది. దాన్ని నేను సమర్థించను, సమర్థించగలిగినవారు కూడా ఎవరూ లేరు.

ఇక ప్రపంచ కప్ పోయిన సంగతి. ఈ మాట రాసినవారు గ్రూపు పట్టికను ఒక్కసారైనా తెరిచి ఉంటే నాకు ఈ శ్రమ తప్పేది. ఆ మ్యాచ్ 0–0గా ముగిసింది. చివరికి నార్వే, స్కాట్లాండ్ రెండూ 10 పాయింట్లతో నిలిచాయి, నార్వే రెండో స్థానంలో, స్కాట్లాండ్ మూడో స్థానంలో. యూరప్‌లోని తొమ్మిది గ్రూపుల రెండో స్థానాల్లో ఎనిమిదింటికే ప్రపంచ కప్‌కు చివరి దారైన ప్లేఆఫ్ దక్కింది కాబట్టి, అందరికన్నా వెనుకబడిన నార్వేకు అదీ దక్కలేదు. ఇప్పుడు ఆ బంతి లోపలికి వెళ్లిందనే అనుకుందాం: స్కాట్లాండ్‌కు 12 పాయింట్లు, గోల్ తేడా (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే) మైనస్ 4. ప్లేఆఫ్‌కు వెళ్లిన ఎనిమిదింటిలో చివరిదైన ఐర్లాండ్‌కు, ఆరో స్థానంలో ఉన్న జార్జియాతో ఆడిన మ్యాచ్‌లను (స్కాట్లాండ్ గ్రూపులో ఐదు జట్లే కాబట్టి) నిబంధన ప్రకారం తీసేశాక, అవే 12 పాయింట్లు, కానీ గోల్ తేడా ప్లస్ 2. అంటే ఇవెలూమో ఆ గోల్ కొట్టినా స్కాట్లాండ్ ఇంట్లోనే కూర్చునేది! చివరి మ్యాచ్‌ను నెదర్లాండ్స్‌తో మరోలా ఆడేవారని అంటారా, అనండి. అది ఊహ, లెక్క కాదు. ఆ మైనస్ ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఊహించనక్కర్లేదు: ఆమ్‌స్టర్‌డామ్‌లో 3–0, స్కాట్లాండ్ డిఫెండర్ గ్యారీ కాల్డ్‌వెల్ రెడ్ కార్డు తిన్న ఓస్లోలో 4–0. స్కోప్యేలో మాసిడోనియా చేతిలో ఓడినప్పుడైతే ఇవెలూమో జట్టులోనే లేడు. బహుశా ఇంట్లో టీవీ ముందు కూర్చుని తప్పాడేమో, సందేశకర్తలే పరిశోధించాలి.

ఆటకు దూరమయ్యాడన్నది చదివి నవ్వుకున్నాను. అదే సీజన్‌లో ఆయన 14 లీగ్ గోల్స్‌తో వుల్వర్‌హాంప్టన్ క్లబ్ ఇంగ్లాండ్ రెండో శ్రేణి లీగైన ఛాంపియన్‌షిప్ గెలవడానికి తోడ్పడ్డాడు. ఆ తర్వాత బర్న్‌లీ, వాట్‌ఫర్డ్, స్కన్‌థార్ప్, చివరికి చెస్టర్ దాకా మరో ఆరేళ్లు ఆడాడు. రెండేళ్లు భరించని క్లబ్బుల జాబితా నుంచి, నాలుగేళ్లు ఉంచుకున్న స్టోక్ సిటీని దయచేసి తొలగించండి.

డెన్మార్క్‌లో ఆర్హుస్, జర్మనీలో ఆహెన్ సహా డజనుకు పైగా క్లబ్బులు తిరిగిన మాట వాస్తవం. తిరిగిన చోటల్లా ఏం చేశాడన్నది కదా ప్రశ్న. 2004లో అరువు మీద బ్రైటన్‌కు ఆడుతూ, కార్డిఫ్‌లో బ్రిస్టల్ సిటీపై ప్లేఆఫ్ ఫైనల్ చివరి నిమిషాల్లో బాక్సులో పడదోయించుకున్నది ఈయనే. ఆ పెనాల్టీని లియాన్ నైట్ గోల్ చేయడంతో బ్రైటన్ పై శ్రేణికి వెళ్లింది. కోల్చెస్టర్ తన చరిత్రలో తొలిసారి రెండో శ్రేణికి చేరినప్పుడు ముందు వరుసలో ఉన్నదీ ఈయనే. మరుసటి ఏడు అక్కడ 18 లీగ్ గోల్స్ కొట్టాడు. స్కాట్లాండ్ తరఫున మాత్రం నాలుగు మ్యాచ్‌లు, సున్నా గోల్స్. దాన్ని కాదనను.

ఒక సంగతి నేనే ఒప్పుకుంటాను. ఆ రోజు బెంచీ మీద రేంజర్స్ స్ట్రైకర్ క్రిస్ బాయిడ్ ఉన్నాడు. ఆరు గజాల బాక్సులో బంతిని లోపలికి నెట్టడమే ఆయన వృత్తి. గోల్ కావలసిన వేళ కోచ్ జార్జ్ బర్లీ ఆయనను పక్కనపెట్టి, తొలి మ్యాచ్ ఆడుతున్నవాణ్ణి దింపాడు. బర్లీ ఉన్నంతకాలం దేశానికి ఆడనని బాయిడ్ ప్రకటించింది ఆ మ్యాచ్ తర్వాతే. ఆ రోజు అసలు వాదించుకోవలసిన తప్పు అది. మీరు నాలుగుసార్లు పంపిన సందేశంలో బర్లీ పేరు లేదు, బాయిడ్ పేరూ లేదు.