తప్పు గాజు పాత్రది కాదు, పొడిది

కొంతకాలంగా మా నెల్లూరులో కాఫీ మీద మక్కువ ఉన్నవారి ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. నాకే మూడు చోట్ల నుంచి వచ్చింది. అది ఫ్రెంచ్ ప్రెస్ గురించి, అంటే కాఫీ పొడిని వేడి నీళ్లలో నానబెట్టి, కడ్డీకి బిగించిన సన్న కన్నాల జల్లిని పైనుంచి దించి వడకట్టే గాజు పాత్ర గురించి. ఫ్రెంచ్ ప్రెస్‌లో పొడి ఎటూ నీళ్లలో నానుతుంది కనుక గింజలను ఎలా పొడి చేసినా ఒకటేనని, ఇంట్లో మిక్సీ ఉండగా వేలు పోసి గ్రైండరు కొనడం దండగ అని అందులో మొదటి మాట. మరిగిన నీళ్లు పోస్తే పొడి మాడిపోతుందని, అందువల్ల 80 డిగ్రీలకు దిగేదాకా ఆగాలని రెండోది. నాలుగు నిమిషాలకు మించి ఒక్క క్షణం ఉంచినా కాఫీ చేదెక్కుతుందని మూడోది. గట్టిగా అదిమితేనే సారమంతా దిగుతుందని చివరిది. వీటిలో మూడోదానిలో మాత్రమే కొంత నిజం ఉంది. అన్నిటికన్నా ఎక్కువ కాఫీని పాడుచేస్తున్నది మొదటిది కనుక దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

పొడి నానుతుంది కాబట్టి దాని సైజుతో పని లేదన్న వాదన తలకిందులైనది. ఫ్రెంచ్ ప్రెస్‌లో సన్నదీ లావుదీ అన్న తేడా లేకుండా పొడి మొత్తం ఒకే నీటిలో, ఒకే సమయం పాటు ఉంటుంది కనుకనే పలుకులన్నీ ఒక తీరుగా ఉండాలి. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ జిల్లా మనది. నూకలనూ నిండు గింజలనూ కలిపి ఒకే ఎసట్లో వేస్తే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు: గింజ ఇంకా పలుకు మీద ఉండగానే నూక జావైపోతుంది. కాఫీలోనూ జరిగేది అదే. వేయించిన గింజ బరువులో సుమారు 30 శాతం దాకా నీటిలో కరగగలదు గానీ, 18 నుంచి 22 శాతం దిగినప్పుడే రుచి పొందికగా ఉంటుందని కాఫీ నిపుణులు చాలాకాలంగా చెబుతున్న లెక్క. పులుపు ముందు దిగుతుంది, తీపి ఆ తరువాత, చేదూ వగరూ చివరికి. లావు పలుకు ఇంకా పులుపు దగ్గరే ఉండగా, దుమ్ములాంటి పొడి తన చేదునంతా వదిలేసి ఉంటుంది.

మిక్సీకి, కాఫీ గ్రైండరుకు ఉన్న తేడా రుబ్బే వేగంలో లేదు. తిరగలి చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. తిరగలిలో రెండు రాళ్ల మధ్య సందు ఎంతో, గింజ అంతకు నలిగితే తప్ప బయటికి రాదు. నలిగినది మళ్లీ లోపల ఉండదు. బర్ గ్రైండరు అంటే ఇదే పనిని పళ్లున్న రెండు ఉక్కు లేదా పింగాణీ చక్రాలతో చేయించడం. మిక్సీ బ్లేడుకు ఆ సందు లేదు. అందిన గింజను అందినన్ని సార్లు నరుకుతుంది, అందనిదాన్ని వదిలేస్తుంది, ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కి వాసన కూడా కొంత పోతుంది.

నమ్మనివారు రెండు గుప్పెళ్ల గింజలను మిక్సీలో పది సెకన్లు తిప్పి, ఆ పొడిని తెల్ల కాగితం మీద పరిచి చూడవచ్చు. నేను మా వంటింటి గట్టు మీద అదే చేశాను. దంచిన మిరియాల పలుకులంత ముక్కలు, వాటి పక్కనే బొంబాయి రవ్వంతవి, కాగితాన్ని ఏటవాలుగా వంచినా జారకుండా అంటుకుపోయిన కుంకుమలాంటి ధూళి కనిపించాయి. ఒక గింజ సగానికి చీలి అలాగే మిగిలింది. పిండి జల్లెడలో పోసి తట్టి, కిందపడిన ధూళిని వేరుగా, పైన మిగిలిన పలుకులను వేరుగా కాచాను. మొదటిది కషాయం, రెండోది పుల్లగా, పలచగా ఉంది. ఈ రెండూ ఒకే కప్పులో కలిసినప్పుడే, ఫ్రెంచ్ ప్రెస్ మన నోటికి పట్టదని తీర్పులు వెలువడుతుంటాయి.

అయితే గ్రైండరు కొంటే చాలు అనడం కూడా సరికాదు. ధూళి అసలే రాని గ్రైండరు లేదు. చవక రకం చేతి గ్రైండర్లలో కొన్నింటికి ముతకగా పెట్టినప్పుడు ఇరుసు ఊగి, పలుకులు మళ్లీ ఎగుడుదిగుడుగా వస్తాయి. మిక్సీ తప్ప వేరే దారి లేనివారు కొద్ది కొద్ది గింజలు వేసి, ఆగి ఆగి తిప్పుతూ, మధ్యలో జారు కుదిపి, చివర జల్లెడ పట్టుకుంటే తాగదగిన కాఫీ వస్తుంది. ఈ ఉపాయమైనా ఆ సందేశంలో ఉంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

అంగట్లో మరపట్టించిన ఫిల్టరు పొడి సంగతి వేరు. అది మెత్తనిది, పైగా చాలావరకు చికోరి కలిసినది; అలాంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన దేశపు నిబంధన. చికోరి కాఫీ కన్నా ఎక్కువగా నీటిలో కరిగి రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది. ఫిల్టరుకు అది మేలే గానీ ఫ్రెంచ్ ప్రెస్‌లో మాత్రం మెత్తని పొడి జల్లి కన్నాల్లో ఇరుక్కుంటుంది.

ఇక మాడడం గురించి. గింజలను వేయించేటప్పుడే వాటి వేడి 200 డిగ్రీలు దాటుతుంది. అంత వేడికి తట్టుకున్నదాన్ని 100 డిగ్రీల నీళ్లు మాడ్చడం జరగని పని. మరిగిన నీళ్లను చల్లని గాజు పాత్రలో పోయగానే వేడి కొన్ని డిగ్రీలు తగ్గనే తగ్గుతుంది. సాధారణంగా చెప్పే 92 నుంచి 96 డిగ్రీలకు చేరడానికి అదే చాలు. నల్లగా వేయించిన గింజలకు ఇంకొంచెం తగ్గించినా నష్టం లేదు. లేతగా వేయించిన అరకు అరాబికా రకం గింజలకు 80 డిగ్రీల నీళ్లు పోస్తే మాత్రం పులుపు తప్ప ఏమీ దిగదు. వేడి గురించి ఇంత జాగ్రత్త చెప్పిన సందేశం నీళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినమైనవి. అందులోని బైకార్బొనేట్లనే లవణాలు కాఫీ పులుపును విరిచేసి చప్పగా చేస్తాయి. అక్కడ ఎంత మంచి గ్రైండరైనా నీళ్లు మార్చకుండా చేయగలిగింది తక్కువ.

నాలుగు నిమిషాల నియమంలో ఉన్న నిజం మెత్తని పొడికి వర్తిస్తుంది. ముతక పొడి విషయంలో నీళ్లు సారంతో నిండుతున్న కొద్దీ, చల్లారుతున్న కొద్దీ దిగడం దానంతటదే నెమ్మదిస్తుంది. 2007లో ప్రపంచ బరిస్టా (కాఫీ తయారుచేసేవారి) పోటీలో గెలిచిన జేమ్స్ హాఫ్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో లీటరుకు 60 గ్రాముల లెక్కన పొడి వేసి, నాలుగు నిమిషాలకు పైన కట్టిన తెట్టును గరిటెతో కదిపి, తేలిన నురగను తీసేసి, ఆపైన కనీసం మరో ఐదు నిమిషాలు కదపకుండా ఉంచుతారు. ఆ విరామంలో మడ్డి అడుగుకు చేరుతుంది. పాలు కలుపుకునేవారికి అప్పటికి కాఫీ వేడి చాలదనిపిస్తుంది. పాలను పొగలు కక్కేలా కాచి పోసుకోవాలి. లీటరుకు 60 గ్రాముల కాఫీ డికాషనంత చిక్కగా ఉండదు కనుక అలాంటివారు పొడి కూడా పెంచుకోవాలి.

చిక్కదనం పొడి పాళ్లను బట్టి వస్తుందే తప్ప అదమడం వల్ల రాదు. ప్రెస్‌లోని జల్లి వడకట్టడానికి ఉన్నది, చెరకు గానుగలా పిండడానికి కాదు. బలంగా తోస్తే అడుక్కు చేరిన మడ్డి మళ్లీ లేస్తుంది. నా మొదటి ప్రయత్నంలో ఫిల్టరు పొడి వేసి, కడ్డీ దిగడం లేదని రెండు చేతులతో అదిమాను. ఒక్కసారిగా మూత పక్కకు ఒరిగి, వేడి కాఫీ గోడ మీది క్యాలెండరు దాకా చిమ్మింది. చేయి కాలకపోవడం, గాజు పగలకపోవడం నా అదృష్టం. ఇప్పుడు జల్లిని కాఫీ పైమట్టానికి తాకించి వదిలేస్తాను, నెమ్మదిగా వంచుతాను, అడుగున మిగిలిన అంగుళం మడ్డిని కప్పులోకి రానివ్వను.