నీలం క్లిప్పు

పరీక్షలకు ఇంకా పది రోజులుందనగా మా అమ్మాయి లెక్కల పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదువుతూ దొరికిపోయింది. లాక్కుని, "పరీక్షలయ్యాకే" అని తీర్పు చెప్పి బీరువాలో పడేశాను. అంతటితో ఊరుకుంటే ఏ గొడవా లేకపోను.

ఆ రాత్రి పదకొండింటికి, పిల్ల ఏం చదువుతోందో తండ్రన్నవాడు చూసుకోవాలి కదా అని బీరువా తీశాను. యంగ్ అడల్ట్ నవలట. అంటే 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి. నాకు 46. నాలుగు పేజీలు తిరగేసి పెట్టేద్దామనుకున్నాను.

ఇవి రాసేవాళ్ళకి బొత్తిగా జాలి ఉండదు. "తలుపు తీస్తున్నాను. లోపల ఎవరో ఉన్నారు." అంతే, అధ్యాయం అయిపోతుంది! అక్కడ ఆపి పడుకోగలిగితే వాడు యోగి. పోనీ తర్వాతది పెద్దదా అంటే, ఆరు పేజీలు. ఇంకొక్కటి చదివితే మునిగిపోయేదేముంది? అన్నట్టు, ఈ కథల్లో అమ్మానాన్నలు అయితే చచ్చిపోయి ఉంటారు, లేదా ఊళ్ళో ఉండరు, రెండూ కాకపోతే వట్టి అమాయకులు. లేకపోతే పదహారేళ్ళ పిల్లని అర్ధరాత్రి లోకాన్ని కాపాడి రమ్మని ఎవరు పంపిస్తారు! ఈ మూడింట్లో నేనే రకమో ఆలోచించబోయి, మానేసి పేజీ తిప్పాను.

రెండున్నరకి మా ఆవిడకి మెలకువ వచ్చింది. దుప్పటి కింద ఫోన్ వెలుగు చూసి, "ఈ వేళప్పుడు ఎవరితోనండీ చాటింగు?" అంది. పుస్తకం బయటికి తీశాను. అట్ట మీద కత్తి దూసిన అమ్మాయి బొమ్మ వంక, నా బట్టతల వంక చూసి, "చాటింగే నయం" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆఫీసులో ఆవులిస్తూ, నాలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని నెట్‌లో వెతికితే ప్రాణం లేచొచ్చింది. 2012లో బౌకర్ అనే సంస్థ సర్వే చేస్తే, 12 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసమని వేసిన పుస్తకాలు కొనేవాళ్ళలో 55 శాతం మంది 18 దాటినవాళ్ళేనట. అదీ ఎక్కువసార్లు తాము చదువుకోవడానికేనట. మహానుభావులు, పైకి ఒప్పుకున్నారు. నాకంత ధైర్యం లేదు. మూడు రాత్రులు దొంగతనంగానే లాగించాను.

నాలుగో రోజు సాయంత్రం మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, ఆ పుస్తకం ఇంక నాకొద్దులే. కథంతా మా ఫ్రెండ్ చెప్పేసింది. చివరికి ఆ తమ్ముడు నదిలో కొట్టుకుపోయి చచ్చిపోతాడటగా?"

"చచ్చిపోవడమేంటి! 212వ పేజీలో ఒడ్డుకి కొట్టుకొస్తేనూ!"

అనేశాక గాని నోరు మూతపడలేదు. వంటింట్లోంచి మా ఆవిడ దగ్గు వినిపించింది. అది జలుబు దగ్గు కాదు.

పిల్ల నవ్వలేదు. అదే భయమేసింది. "నా నీలం క్లిప్పు 90వ పేజీలో పెట్టాను. పొద్దున బీరువాలో చూస్తే 230లో ఉంది" అంది నెమ్మదిగా.

గుర్తు కోసం నేనే మార్చి పెట్టుకున్నాను, ఆ క్లిప్పు దానిదన్న ధ్యాస లేకుండా.

"సరేలేమ్మా, తీసుకో. ఒక్క నలభై పేజీలు మిగిలాయి, ఈ రాత్రికి కానిచ్చేసి..."

"కానివ్వండి. కానీ అందులో కథ పూర్తవదు నాన్నా. అది మొదటి భాగం. మొత్తం మూడు."

"రెండోది ఎక్కడుంది?"

"నా దగ్గరే ఉంది" అంటూ లేచింది. "మీ ఆఫీసులో ఆడిట్ అయ్యాక ఇస్తాను."